వందకి ఎన్ని ఇరవైలు

మామ్మ పోయిందన్న కబురు వచ్చేటప్పటికి నేను కుట్టుమిషన్ మీద ఒక జాకెట్టుకి చేతులు ఎక్కిస్తున్నాను. కబురు చెప్పిన మనిషి వెళ్ళిపోయాక కూడా నా పాదం మిషన్ తొక్కుడు మీదే ఉండిపోయింది. ఏడుపు రాలేదు. భయమేసింది. ఏడాదిన్నర కిందట ఆమె నా దగ్గర ఒక మాట తీసుకుంది.

"నా పెట్టెకి మేకులు కొట్టనీయమాకు అమ్మాయ్. మూత ఊరికే పెట్టమను. అంతే."

సరే మామ్మా అన్నాను. ఆ రోజు తేలిగ్గానే అనగలిగాను. పెట్టెను గోతిలోకి దించే ముందు మూతకి నాలుగు మూలలా మేకులు కొట్టడం మా వీధిలో చర్చికి వెళ్ళే వాళ్ళందరికీ ఉన్న పద్ధతి. దాన్ని ఆపితే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పాలంటే ఆమె ఎవరికీ చెప్పొద్దన్న సంగతి చెప్పాలి. ఆ సంగతి ఏ ఇంటిదో ఆ ఇంటి పెద్దాయన కూడా మట్టి వేయడానికి వస్తాడని నాకు తెలుసు. మామ్మ వాళ్ళింట్లో పనిచేసిన మనిషి, రాకపోతే బాగోదు.

మామ్మ పేరు ఇక్కడ రాయను. "నా పేరు యాడా రాయమాకు" అని కూడా అంది. నాకు చుట్టరికం ఏమీ లేదు. ఊరందరికీ మామ్మే, నాకూ మామ్మే.

ప్రత్తిపాడు రోడ్డు మీంచి లోపలికి వస్తే మా ఊరు. ఊళ్ళో శాఖా గ్రంథాలయం ఒకే ఒక్క గది, మూడు బీరువాలు. పదో తరగతి తప్పి ఇంట్లో కూర్చున్న దాన్ని, నా మిగతా చదువంతా ఆ గదిలోనే అయింది. మూడు బీరువాలూ చదివాను, కొన్ని అరలు రెండోసారి కూడా. గొప్పకి చెప్పడం లేదని రాయబోయాను గానీ, నాకది గొప్పే. ఆ గది ఊడ్చేది మామ్మ.

ఊడ్చే ముందు రెండు తలుపు రెక్కలకీ రెండు ఇటుకలు అడ్డం పెట్టేది. ఊడ్చాక కూడా తీసేది కాదు. గాలికి కాగితాలు ఎగురుతున్నాయి, ఒక రెక్క వెయ్యి మామ్మా అని గ్రంథపాలకుడు అంటే వినిపించనట్టు బీరువా వెనక్కి వెళ్ళిపోయేది. లోపల మనిషి ఉండగా తలుపు మూయకూడదు, అది ఆమె చట్టం. తన ఇంటి తలుపుకున్న గడియ తనే ఊడబీకింది. స్క్రూలున్న చోట నాలుగు బొక్కలు ఉండేవి, వాటిల్లో చీమలు కాపురం పెట్టాయి. చర్చిలో చాప మీద అందరికంటే వెనక, గుమ్మం పక్కన కూర్చునేది. పిల్లలు దాగుడుమూతలు ఆడుతూ ఎవరైనా గదిలో దూరి తలుపేసుకుంటే చీపురు పట్టుకుని వచ్చేది.

వీధిలోకి కొత్తగా కాపురానికి వచ్చిన ప్రతి అమ్మాయికీ ఒకటే మాట చెప్పేది. "తలుపేసుకో. గడియ పెట్టుకోమాకు." ఒకసారి ఒక పెళ్ళికూతురి అత్తగారు, కొత్త దంపతులకి చెప్పే మాటేనా ఇది, సిగ్గు లేకుండా, అని దెప్పితే అందరితో పాటు మామ్మ కూడా పడీ పడీ నవ్వింది. నవ్వాపి మళ్ళీ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని అదే మాట చెప్పింది.

కాయ కోతలయ్యాక ఊరి చుట్టూ కల్లాల్లో మిరపకాయలు పరుస్తారు. ఆడవాళ్ళంతా కూర్చుని తెల్లబడ్డ తాలుకాయలు ఏరి పక్కన వేస్తారు. ముక్కుకీ నోటికీ గుడ్డలు కట్టుకున్నా దగ్గులూ తుమ్ములే. మామ్మ ఒక్కతే గుడ్డ కట్టుకోకుండా కూర్చునేది. ఒక్క దగ్గు దగ్గేది కాదు. నీ ముక్కు ఇనపదా మామ్మా అని ఎవరో ఎగతాళి చేస్తే, ఎప్పుడో కాలిపోయిందే అది, అనేది. అందరం నవ్వేవాళ్ళం. అదే మామ్మ, ఎవరైనా పిల్లాడికి దిష్టి తీసి ఎండు మిరపకాయలు పొయ్యిలో వేయబోతే మాత్రం అక్కడ ఉండేది కాదు. ఉన్న పళంగా లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా, తారు రోడ్డు దాకా నడిచి వెళ్ళిపోయేది.

ఇంకొకటి. ఆమె ఎప్పుడూ లెక్కపెడుతూ ఉండేది. బొటనవేలితో చిటికెన వేలి కణుపు నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి. ఇరవై దాకా వెళ్ళి ఆగిపోయేది. మళ్ళీ ఒకటి.

ఏడెనిమిదేళ్ళ కిందట పుస్తకాల తనిఖీ జరిగింది. పై ఆఫీసు వాళ్ళు వచ్చేలోగా ఉన్నవన్నీ లెక్క తేల్చాలి. గ్రంథపాలకుడు నన్ను సాయం రమ్మన్నాడు. నేను బీరువాలోంచి తీసి ఇస్తుంటే మామ్మ తుడిచి, ఇరవై పుస్తకాలకి ఒక దొంతర చొప్పున గోడ పొడుగునా పేర్చింది. పేర్చడం అయ్యాక నన్ను అడిగింది. వందకి ఎన్ని ఇరవైలే అమ్మాయ్, అని.

"ఐదు మామ్మా."

"ఐదేనా?"

"ఐదే. ఇరవై, నలభై, అరవై, ఎనభై, వంద." ఒక్కో దొంతర మీద చెయ్యి వేసి చూపించాను.

మామ్మ వంగి మొదటి దొంతరని వేలితో తాకింది. రెండోది, మూడోది. ఐదో దాని దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఆగి, ఆరోది కూడా తాకింది. ఏడోది. పెదవులు కదులుతున్నాయి. అలా గోడ చివరిదాకా వెళ్ళి, తాకడానికి ఇంక దొంతరలు లేక గోడని తాకింది. చీపురు అక్కడే వదిలేసి బయటికి వెళ్ళి మెట్టు మీద కూర్చుంది. రెండు రోజులు పనికి రాలేదు. నేను మాత్రం, మామ్మకి వంద దాకా లెక్క నేర్పానని నాలుగిళ్ళలో చెప్పుకున్నాను.

ఇరుకు గదులంటే భయపడే జబ్బు ఒకటుందని మూడో బీరువాలోని మనస్తత్వశాస్త్రం పుస్తకంలో చదివాను. ఆమెకి అదే అని తేల్చేశాను కూడా. తలుపులకీ, మిరపకాయలకీ, లెక్కకీ మధ్య సంబంధం ఏమిటని ఆలోచించలేదు.

తర్వాత సినిమా వచ్చింది.

రెండేళ్ళ కిందట, కల్లాల్లో కాయ ఎండే రోజుల్లో, గుంటూరు నుంచి ఒక వ్యానులో ఆరుగురు దిగారు. ఒక కెమెరా, నాలుగు లైట్లు. దర్శకుడికి ముప్పై ఉంటాయేమో, గడ్డం, అరిగిపోయిన చెప్పులు. వెనక కంపెనీ లేదు, పేరున్న నటులు లేరు, తను దాచుకున్నదీ స్నేహితులు ఇచ్చిందీ పెట్టి తీస్తున్న భయం సినిమా. బట్టలు కుట్టడానికి నన్ను పెట్టుకున్నారు. కొత్త లంగా ఓణీలని టీ డికాక్షన్‌లో ముంచి, నీడన ఆరబెట్టి, యాభై ఏళ్ళ నాటివిగా చేసి ఇచ్చాను. అందుకు మురిసిపోయి దర్శకుడు నాకు కథ చెప్పాడు.

పరువున్న ఇల్లు. ఆ ఇంటి ఆడపిల్లకి ఏదో పట్టిందని ఒక గదిలో పెడతారు. పిల్ల చచ్చిపోతుంది. జ్వరమొచ్చి పోయిందని ఊరికి చెప్పి, ఇంటిల్లిపాదీ ఆ అబద్ధం మీద బతుకుతారు. చాలా ఏళ్ళకి లోపలి నుంచి తలుపు చప్పుడు మొదలవుతుంది.

నేను చదివిన భయం నవలలన్నీ గుర్తు తెచ్చుకుని, తలుపు వెనక ఏముందో తెలియకపోవడంలోనే భయం ఉంటుంది బాబూ, తలుపు తొందరగా తెరవకు, అని సలహా ఇచ్చాను. ఎంత బాగా చెప్పావక్కా అన్నాడు. ఆ మాటకి నేల మీద లేను. గది బయట కాపలా ఉండే పనిమనిషి వేషానికి ఈ ఊరి ముఖమే కావాలి అంటే, మామ్మని చూపించింది నేనే.

షూటింగుకి దొరికిన ఇల్లు ఊరి చివర పెద్దిల్లు. ఆ కుటుంబం గుంటూరు వెళ్ళిపోయి చాలా కాలమైంది. ఎనభై దాటిన పెద్దాయన మాత్రం ఏటా కాయల రోజుల్లో కారులో వచ్చి, కల్లం గట్టు మీద కుర్చీ వేయించుకుని కాసేపు కూర్చుని వెళ్తాడు. ఎవరో అడిగితే ఫోన్లోనే సరే అన్నాడట. కథేమిటని అడగలేదట.

గ్రంథాలయం మెట్టు మీద కూర్చుని మామ్మకి కథ చెప్పాను. మధ్యలో ఒక్కసారి కూడా ఊఁ కొట్టలేదు.

"ఈ కథ వాడికెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు మామ్మా. ఊహించి రాసుకున్నాడు."

"ఊహించాడా," అంది. చాలాసేపు రోడ్డు వంక చూసింది. ఏ ఇంట్లో తీస్తున్నారో అడిగింది, చెప్పాను. తర్వాత, గడియ తన చేతిలో ఉంటుందా అని అడిగింది. నీ వేషమే అది అన్నాను.

"అట్టయితే వస్తా."

పెద్దింటి వెనక వసారా చివర కొట్టుగది. మిరపకాయ బస్తాలు నిలవ వేసే గది, కిటికీ లేదు. పైకప్పు దగ్గర చెయ్యి పట్టేంత కంత, మందపాటి ఒంటి తలుపు, బయట ఇనప గడియ. నడిమధ్యాహ్నం, బయట కల్లమంతా కళ్ళు చెదిరే ఎరుపు. వసారాకి నల్ల పట్టాలు కట్టి లోపల చీకటి చేశారు. ఆ చీకట్లోకి అడుగు పెట్టగానే నాకు ఒళ్ళు జలదరించింది. సినిమా చీకటే అని తెలుసు. పట్టా పక్కకి లాగితే ఎండ ఉందని తెలుసు. అయినా అక్కడున్న ఆరు రోజులూ నా వీపు గోడకి ఆనించే నిలబడ్డాను.

మొదటి రోజు మామ్మకి ఎలా నిలబడాలో ఎవరూ చెప్పలేదు. నేరుగా వెళ్ళి, కుడి చెయ్యి గడియ మీద వేసి, చెవి తలుపుకి ఆనించింది. ఎడమ చేతి బొటనవేలు చిటికెన వేలి కణుపు మీదికి వెళ్ళింది. ఏం నటనక్కా, అని దర్శకుడు నా చెవిలో గొణిగాడు. 

సన్నివేశం చాలా చిన్నది. లోపల పిల్ల తలుపు బాదుతూ ఏడుస్తుంది. వసారాలో పడక్కుర్చీలో ఇంటి యజమాని. పనిమనిషి మనసులో వంద లెక్కపెట్టాలి. యజమాని తలాడించాక తియ్యాలి. మామ్మ ఇరవైకి తీసేసింది. కట్. మళ్ళీ ఇరవైకి తీసింది. మళ్ళీ కట్. ఏడుసార్లు తీశారు, ఏడుసార్లూ ఇరవైకే. నేను కూడా నా వేళ్ళ మీద లెక్కపెట్టాను కాబట్టి తెలుసు.

"మామ్మా, వంద దాకా ఆగాలి. వంద."

"వంద నాకు తెలుసులేరా అబ్బాయ్. ఐదు ఇరవైలు. నేను ఒక ఇరవైకే తీస్తా. నీ సినిమా ఆ ఇరవైలో అయ్యేట్టు తీసుకో."

అందరూ నవ్వారు. దయ్యం వేషానికి వేరే మనిషెందుకు, నీ గడ్డం చాల్లే, అని కూడా అంది. లోపలున్న నటి, గుంటూరు పిల్ల, చెమటతో బయటికొచ్చి, నువ్వు అలాగే తీస్తుండు మామ్మా, లోపల ఉడికి చస్తున్నా, అని ఆమె బుగ్గ మీద ముద్దు పెట్టింది. మామ్మ ఆ పిల్ల తల తడిమి చూసింది. జుట్టు, నుదురు, కళ్ళు, ముక్కు. అలా ఎందుకు తడిమిందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

మర్నాడు దర్శకుడు గడియకి తాళం వేశాడు. తాళంచెవి తన జేబులో. మామ్మ ఊరికే నిలబడితే చాలన్నాడు.  మామ్మ తాళాన్ని చేత్తో పట్టుకుని, ఒకసారి లాగి, వదిలేసింది. ఆమె ముఖంలో రక్తం లేదు. వెళ్ళిపోదాం రా మామ్మా అన్నాను. నేను పోతే ఇక్కడెవరుంటారే, అంది.

ఆ రోజు పొగ కావాలి. కుంపట్లో బొగ్గులు రాజేసి, సాంబ్రాణి చల్లి గది మూల పెట్టారు. ఒక చిన్న కెమెరా లోపల దానంతటది తిరుగుతూ ఉంటుంది, మిగతావాళ్ళం బయట. తలుపు వేసేముందు దర్శకుడికి పొగ పల్చగా అనిపించింది. ఆ చీకట్లో మూలన కుప్పగా ఉన్న ఊడ్పు చెత్త చేతికి తగిలితే, గుప్పెడు తీసి కుంపట్లో పోసి బయటికొచ్చి తాళం వేశాడు. ఎన్ని ఏళ్ళ బస్తాల కింద రాలిన తొడిమలో, గింజలో, పొడో అది. చెత్త అనుకున్నాడు.

లోపల పిల్ల తలుపు బాదింది, ముందు రాసుకున్నట్టే. తియ్యండి అని అరిచింది, రాసుకున్నట్టే. దగ్గింది. దగ్గు రాసుకోలేదు. దర్శకుడి కళ్ళు మెరిశాయి. నాకు బొటనవేలు ఎత్తి చూపించాడు. నేను కూడా, దేవుడు నన్ను క్షమించాలి, ఎంత బాగా చేస్తోంది అనుకున్నాను.

"అది ఏషం కాదు," అంది మామ్మ.

ఎవరూ కదల్లేదు. కెమెరా తిరుగుతోంది. మాట్లాడొద్దని దర్శకుడు పెదవుల మీద వేలు పెట్టాడు.

"ఏషం దగ్గుకి మధ్యలో గుక్క తిరుగుద్ది. దానికి తిరగట్లా. తియ్యండ్రా."

అప్పుడు తలుపు కింద నుంచి ఆ ఘాటు వచ్చి నా గొంతు పట్టుకుంది. దర్శకుడు జేబు తడుముకున్నాడు. రెండో జేబు తడుముకున్నాడు. చెమటకి చొక్కా మార్చుకున్నాడు, తాళంచెవి పాత చొక్కాలో ఉంది, ఆ చొక్కా ఎక్కడో వ్యానులో ఉంది. అతను పరుగెత్తాడు. లోపల బాదుడు తగ్గింది. తలుపు అడుగున గోకుతున్న చప్పుడు. జీవితంలో నేను విన్న అన్ని చప్పుళ్ళలోకీ నాకిప్పటికీ భయం అదే.

మామ్మ వసారా మూలనున్న రోకలి ఎత్తింది. డెబ్బై దాటిన మనిషి. గడియ కొక్కెం మీద ఒక్కటి వేసింది. దెబ్బ దెబ్బకీ పైకి లెక్కపెడుతోంది, దెబ్బల్ని కాదు, మొదటి దగ్గు దగ్గర మొదలుపెట్టిన లెక్క. పదిహేను. పదహారు. పాత చెక్క, మూడో దెబ్బకి కొక్కెం మేకులతో సహా ఊడి వచ్చింది. పద్దెనిమిది. నటి బయటికి పడింది. ముఖం ఉబ్బి, కళ్ళు తెరవలేక, మట్టిలో పడ్డ చేపలా నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. పట్టాలు చించి ఎండలోకి మోసుకెళ్ళాం, నీళ్ళు కొట్టాం, వ్యానులో ప్రత్తిపాడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. రెండు రోజుల్లో కోలుకుంది.

అందరూ పిల్ల వెంట పోయారు. మామ్మ కోసం నేను వెనక్కి వచ్చాను. ఆమె కొట్టుగది గుమ్మంలో చతికిలబడి లోపలికి చూస్తోంది. ఘాటు ఇంకా వస్తోంది, ఆమె దగ్గడం లేదు. గది ఖాళీ. ఆ ఖాళీ గదిలోకి చెయ్యి చాచి, "అమ్మాయిగారూ, రండి. తెరిచా," అంది.

నేను పారిపోయాను. సిగ్గు లేకుండా రాస్తున్నాను, రోడ్డు దాకా పారిపోయి, అక్కడ నిలబడి ఆమె వచ్చేదాకా చూశాను.

మూడు రోజుల తర్వాత గ్రంథాలయంలో ఎవరూ లేనప్పుడు ఆమే చెప్పింది. గొంతు పెంచలేదు, ఏడవలేదు. ఆ పెద్దింట్లోనే తను కొత్తగా పనికి కుదిరిన రోజులు. పెళ్ళై ఏడాది. ఆ ఇంటి ఆడపిల్లకి పదిహేడేళ్ళు, అప్పుడప్పుడూ పడిపోయి కొట్టుకునేది. గాలి సోకిందన్నారు. ఎక్కడి నుంచో గాలి వదిలించేవాణ్ణి ఒకణ్ణి తెచ్చారు. వాడు, కొట్టుగదిలో మిరపకాయల పొగ పెట్టి, వంద లెక్కపెట్టేదాకా తియ్యొద్దన్నాడు. అయినవాళ్ళయితే మనసు కరిగి ముందే తీసేస్తారని, గడియ ఈమె చేతికిచ్చారు. వంద లెక్కపెట్టి తియ్యవే అన్నారు.

"చేతి వేళ్ళు, కాలి వేళ్ళు కలిపితే ఇరవై. అంతకి మించి నాకు రాదే. రాదని చెప్పడానికి నోరు రాలా. వంద అంటే చాలా పెద్దది అనుకున్నా. ఒక ఇరవై అయ్యాక ఇంకో ఇరవై పెట్టా. ఎన్ని పెట్టానో నాకే తెలవదు. ఎవరో ఒకరు ఇంక చాలు అంటారని చూస్తన్నా."

ఎవరూ అనలేదు. లోపల చప్పుడు ఆగిపోయింది. గాలి వదిలిందని వసారాలో వాళ్ళు దణ్ణం పెట్టుకున్నారు. ఈమె ఇంకో ఇరవై లెక్కపెట్టింది.

తర్వాత ఆ ఇంటాయన అన్న మాట ఒకటే. నీ చేతుల మీద పోయింది, నోరెత్తావో నీకే చుట్టుకుంటుంది. ఊరికి జ్వరమని చెప్పారు. యాభై ఏళ్ళు దాటినా అదే జ్వరం.

"ఆ రోజు నువ్వు ఐదు అన్నావు గదే. పుస్తకాల దొంతరలు చూశా. ఐదో దాని కాడ ఆగాల్సింది. నేను గోడ దాకా పోయా."

నేనిన్ని పుస్తకాలు చదివాను గదా, ఏదో ఒకటి చెప్పాలి. ఒకటే తోచింది. ఆ వసారాలో ఎవరెవరున్నారని అడిగాను. అయ్యగారు, అమ్మగారు, పిల్ల అన్నయ్య, ఆ వచ్చినవాడు, అంది.

"వాళ్ళ నలుగురికీ వంద వచ్చు మామ్మా."

ఆమె నా వంక చూసింది. ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది. పెదవులు ఒకటి, రెండు, మూడు, నాలుగు అని కదిలాయి. ఇన్నేళ్ళలో ఆ నలుగురినీ ఆమె ఎప్పుడూ లెక్కపెట్టుకోలేదనుకుంటాను. లేచి, ఇటుకలు సరిచేసి వెళ్ళింది.

పెట్టెకి మేకుల సంగతి ఆ తర్వాత నాలుగైదు నెలలకి అడిగింది. పోయాక ఏం తెలుస్తుంది మామ్మా అన్నాను. "బయట వాళ్ళు లెక్క మర్చిపోతేనో?" అంది. నవ్వలేదు.

సినిమా ఎలాగో పూర్తిచేశారు. హాల్లో ఆడలేదు, ఫోన్లలో వచ్చింది. ఊళ్ళో అందరూ తమ కల్లాలు చూసుకుని మురిసిపోయారు. తలుపుకి చెవి ఆనించిన మామ్మ ముఖం అందులో చాలాసేపు ఉంటుంది. వారం తిరక్కుండా పెద్దాయన కారు నా షాపు ముందు ఆగింది. అద్దం దిగింది. ఆ కథ ఎవరు రాశారమ్మా అని అడిగాడు. దర్శకుడే ఊహించి రాసుకున్నాడండి అన్నాను. ఊహించాడా, అన్నాడు, అచ్చం మామ్మ అన్నట్టే. నా మిషన్ వంకా, లోపలి తలుపు వంకా చూసి వెళ్ళిపోయాడు. ఆ కొట్టుగది వసారాలో నిలబడ్డ అన్నయ్య ఆయనే. ఆ తర్వాత నా ఇంటి తలుపుకి గడియ పెట్టుకుంటే మామ్మ గుర్తొచ్చి భయం, పెట్టుకోకపోతే ఆ కారు గుర్తొచ్చి భయం.

నిన్న సమాధుల తోటలో అందరం నిలబడ్డాం. మామ్మ కొడుకు చీమకుర్తి నుంచి వచ్చాడు, అక్కడ రాయి కోసే మిల్లులో పని. తల్లి ఈ సంగతి అతనికి చెప్పలేదు, తెలిస్తే ఊరుకోడని. పెద్దాయన తెల్లబట్టల్లో, భుజాన తువ్వాలుతో కుర్చీలో కూర్చున్నాడు. పాస్టరు గారి ప్రార్థన అయింది. మూత పెట్టారు. ఒకాయన సుత్తి తీశాడు.

నోరు తెరవాలి. తెరుచుకోలేదు. పెద్దాయన నా వైపే చూస్తున్నాడు. మొదటి మేకు మామ్మ తల వైపు దిగింది, రెండు దెబ్బలు. నా బొటనవేలు నాకు తెలియకుండానే చిటికెన వేలి కణుపు మీద ఉంది. తొమ్మిది. పది. రెండో మేకు పెట్టాడు. మామ్మ అక్కడ ఎలా నిలబడిందో నాకు అప్పుడు తెలిసింది. ఎవరైనా ఇంక చాలు అంటారని చూస్తూ నిలబడింది. పదిహేడు. పద్దెనిమిది.

"ఆపండి," అన్నాను. "మేకులు వద్దంది మామ్మ."

అందరూ తిరిగారు. ఎందుకంట చెల్లెమ్మా, అన్నాడు కొడుకు. అడిగింది అన్నయ్యా, నేను మాటిచ్చాను, అన్నాను. అతను పెట్టె వంక చూసి, "అవున్లే, గడియే పెట్టనిచ్చేది కాదు మాయమ్మ," అని, కొట్టిన మేకు తీయమన్నాడు. మేకు కీచుమంటూ బయటికొచ్చింది.

అప్పుడు పెద్దాయన, మెల్లగా, ఎంతో మర్యాదగా అడిగాడు.

"ఇంకా ఏమన్నా చెప్పిందా అమ్మా, నీతో?"

 లేదండి అంటే చాలు, నా ఇంటికి నేను పోవచ్చు.

"చెప్పిందండి. వందకి ఐదు ఇరవైలని."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. పాస్టరు గారు కళ్ళజోడు సవరించుకున్నారు. పెద్దాయన చెయ్యి భుజం మీది తువ్వాలు అందుకుంది. దాన్ని ముక్కుకీ నోటికీ గట్టిగా అడ్డం పెట్టుకున్నాడు. ఆ తోట దగ్గర కల్లాలు లేవు, నిన్న గాలి కూడా లేదు. పెట్టె దించి, మట్టి పూర్తిగా పోసేదాకా ఆయన ఆ తువ్వాలు తీయలేదు.